వెళ్ళిపోవడమా, పంపేదాకా ఆగడమా?

సంస్థ నష్టాల్లో ఉంది. ఇవాళో రేపో కొందరిని ఇంటికి పంపుతారని క్యాంటీన్‌లో అందరూ చెప్పుకుంటున్నారు. వాళ్ళుగా పంపితే చేతికి కొంత సొమ్ము వస్తుంది. మనమే రాజీనామా రాసిస్తే అది రాదు. బయట వేరే పని ఒకటి కనబడుతోంది గాని, అది ఎన్నాళ్ళు మన కోసం ఆగుతుందో తెలియదు. ఈ స్థితిలో ఉన్న విశ్వాసి ఏం చేయాలి? ఆ సొమ్ము కోసం ఆగితే అది పేరాశ అవుతుందా? వదిలేసి వెళ్ళిపోతే అది అల్లాహ్‌పై నమ్మకం అవుతుందా, లేక ఆలుబిడ్డల నోటి దగ్గరి కూడు లాగేయడం అవుతుందా?

ఇది హైదరాబాదులోనో బెంగళూరులోనో కంప్యూటర్ల ముందు కూర్చునేవారి సమస్య అని కొట్టిపారేయకండి. తిరుపతి పక్కనే రేణిగుంటలో తిరుపతి కాటన్ మిల్స్ ఉంది. జాతీయ జౌళి సంస్థ (ఎన్.టి.సి.) కింద నడిచిన నూలు మిల్లు అది. 2020 లాక్‌డౌన్‌లో దేశంలోని ఎన్.టి.సి. మిల్లులన్నిటితో పాటు అదీ ఆగింది. తర్వాత లాక్‌డౌన్ ఎత్తేశారు, బజార్లు తెరిచారు, రైళ్ళు తిరిగాయి. ఆ మిల్లులు మాత్రం మళ్ళీ మామూలుగా నడవలేదు. కార్మికులను తీసేయలేదు, అలాగని పనీ ఇవ్వలేదు. పూర్తి జీతానికి బదులు అందులో కొంత భాగం ఇస్తూ వచ్చారు. ఆ ఇంటి యజమానిని ఉద్యోగస్తుడనాలా, నిరుద్యోగి అనాలా? వదిలేసి ఆటో నడుపుకుందామంటే ఇన్నేళ్ళ సర్వీసుకు రావలసింది ఏమవుతుందో అనే బెంగ. ఆగుదామంటే ఇంటి అద్దె ఆగదు.

మరో ఉదాహరణ అందరికీ తెలిసిందే. 2019లో బి.ఎస్.ఎన్.ఎల్. ఉద్యోగులకు జీతాలు ఆలస్యం కావడం మొదలైంది. ఆ ఏడాది అక్టోబరు 23న కేంద్ర మంత్రివర్గం పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించి, 50 ఏళ్ళు నిండినవారికి స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెట్టింది. దరఖాస్తుకు ఇచ్చిన గడువు నవంబరు 4 నుంచి డిసెంబరు 3 వరకు, సరిగ్గా నెల రోజులు. పూర్తయిన ప్రతి సంవత్సరం సర్వీసుకు 35 రోజుల జీతం, ఇంకా మిగిలిన ప్రతి సంవత్సరానికి 25 రోజుల జీతం లెక్కన ఇస్తామన్నారు. లక్షన్నర మందికి పైగా ఉన్న ఉద్యోగుల్లో 78,569 మంది సంతకం పెట్టి 2020 జనవరి 31న ఇంటికి వెళ్ళిపోయారు. తీసుకోకపోతే దూరప్రాంతాలకు బదిలీ చేస్తారట, పదవీ విరమణ వయసు తగ్గిస్తారట అని ఆ నెల రోజులూ వదంతులు తిరిగాయి. ముప్పై ఏళ్ళు ఒకే చోట పనిచేసిన మనిషి ముప్పై రోజుల్లో తేల్చుకోవలసి వచ్చింది. అదే కాలంలో దేశమంతటా ఆ సంస్థలో పనిచేస్తున్న కాంట్రాక్టు కూలీలు నెలల తరబడి జీతం లేకుండా ఉన్నారనీ, వేలమందికి పని పోయిందనీ, వారికి ఏ పథకమూ లేదనీ కూడా గుర్తుంచుకోవాలి.

ముందుగా ఆ సొమ్ము స్వరూపం ఏమిటో చూద్దాం. ఎందుకంటే, దాన్ని యజమాని వేసే దానం అనుకునేవారికి దాని కోసం ఆగడం సిగ్గుగా తోస్తుంది. లాటరీ అనుకునేవారికి దాని కోసం ఏం చేసినా తప్పు లేదనిపిస్తుంది. రెండూ పొరపాటే.

మన చట్టంలో లేఆఫ్ అంటే పని లేక తాత్కాలికంగా ఆపడం. శాశ్వతంగా తీసేయడాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారు. ఏడాదికి పైగా పనిచేసిన కార్మికుణ్ణి ఇలా తీసేస్తే నెల రోజుల నోటీసు లేదా ఆ నెల జీతం, దానిపైన ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఈ లెక్కను అలాగే ఉంచింది. గ్రాట్యుటీ దీనికి వేరు. అయిదేళ్ళు నిండినవారికి రాజీనామా ఇచ్చినా, తీసేసినా గ్రాట్యుటీ వస్తుంది. ఈ తేడా తెలియక చాలామంది "మానేస్తే అంతా పోతుంది" అని భయపడుతుంటారు.

ఒక లెక్క వేసి చూడండి. మూలవేతనం, కరువు భత్యం కలిపి నెలకు 24,000 రూపాయలు, సర్వీసు 12 ఏళ్ళు అనుకుందాం. గ్రాట్యుటీ సుమారు 1,66,000. ఇది రెండు విధాలా వస్తుంది. యాజమాన్యం తీసేస్తే అదనంగా వచ్చేది 12 ఏళ్ళకు 1,44,000, నోటీసు నెల జీతం 24,000, వెరసి 1,68,000. అంటే పణంగా ఉన్నది ఏడు నెలల జీతం. తక్కువ సొమ్మేమీ కాదు. అలాగని జీవితాన్ని మార్చేసేదీ కాదు. బయట దొరికే పని ఈ ఏడు నెలల కంటే ఎక్కువ విలువైనదా అన్నది కాగితం మీద తేలే విషయం. దానికి కన్నీళ్ళు అక్కర్లేదు, కలలూ అక్కర్లేదు. (మేనేజర్లకు, ఒక స్థాయి దాటిన సూపర్‌వైజర్లకు ఈ చట్టరక్షణ వర్తించదు. వారికి తమ నియామకపత్రంలో ఏముందో అదే ఆధారం. చాలామంది ఆ పత్రాన్ని చేరిన రోజు తర్వాత మళ్ళీ తెరిచి చూసి ఉండరు.)

చట్టంలోనో ఒప్పందంలోనో ముందే ఉన్న ఈ సొమ్ము దానం కాదు. గడిచిన సంవత్సరాల శ్రమకు ముడిపడిన హక్కు. తన హక్కు కోసం ఎదురుచూడటం పేరాశ కాదు. ఖుర్ఆన్ అయిదవ సూరా అల్ మాయిదా ఒప్పందాలను నెరవేర్చమన్న ఆజ్ఞతోనే మొదలవుతుంది. ఆ ఆజ్ఞ యజమానికెంతో పనివానికీ అంతే. కాబట్టి ఆగడం ధర్మమా కాదా అన్న ప్రశ్నకు జవాబు త్వరగానే దొరుకుతుంది: ధర్మమే. చిక్కు అక్కడ లేదు. ఆగిన ఆ రోజులను మనం ఎలా గడుపుతామన్న దాంట్లో ఉంది.

ఇక్కడ హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఉదంతం గుర్తుచేసుకోవాలి. ఈజిప్టు వదిలి, ఆదరించేవారెవరూ లేని స్థితిలో ఆయన మద్యన్ చేరారు. అక్కడి బావి దగ్గర ఇద్దరు ఆడపిల్లల మందకు నీళ్ళు తోడిపెట్టారు. వారి తండ్రి ఆయనను పిలిపించారు. ఆ తండ్రి పేరు ఖుర్ఆన్ చెప్పలేదు. షుఐబ్ (అలైహిస్సలాం) అని చాలామంది అంటారు. ఆ ఆడపిల్లల్లో ఒకామె, ఈయనను పనికి పెట్టుకోమని తండ్రికి సలహా ఇస్తూ రెండు గుణాలు చెప్పింది: బలమూ, నమ్మకస్తుడు కావడమూ. తర్వాత ఒప్పందం కుదిరింది. ఎనిమిదేళ్ళ సేవ తప్పనిసరి. పదేళ్ళు చేస్తే అది మూసా (అలైహిస్సలాం) ఇష్టం. ఈ రెండిటిలో ఏ గడువు పూర్తిచేసినా తనమీద ఒత్తిడి ఉండరాదని ఆయన ముందే తేల్చుకున్నారు. ఇదంతా 28వ సూరా అల్ ఖసస్‌లో ఉంది. ఆయన రెండిటిలో పెద్ద గడువునే పూర్తిచేశారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పినట్టు బుఖారీలో ఉంది.

ఇందులో మనకు రెండు విషయాలున్నాయి. గడువు, ప్రతిఫలం, ఎప్పుడు వెళ్ళవచ్చు అనేవి ముందే మాట్లాడుకోవడం ప్రవక్తల మర్యాదకు తక్కువ కాదు. మన ఇళ్ళలో జీతం గురించి అడగడమే తప్పన్నట్టు కుర్రవాళ్ళను పెంచుతాం, తర్వాత వాళ్ళు మోసపోయారని ఏడుస్తాం. రెండోది, అదనపు రెండేళ్ళూ ఆయన చేసిన పనిలో తేడా వచ్చినట్టు ఎక్కడా లేదు. వెళ్ళిపోగలిగి ఉండి కూడా ఉన్నన్నాళ్ళు, అదే బలంతో అదే నమ్మకంతో ఉన్నారు.

ఇస్లామీ న్యాయశాస్త్రంలో కాలానికి కుదిరిన పనివాణ్ణి అజీరె ఖాస్ అంటారు. నెలజీతం మీద ఉన్న మనమంతా ఆ కోవలోకే వస్తాం. ఈ పనివాడు నిర్ణీత సమయంలో పనికి సిద్ధంగా హాజరైతే, యజమాని పని చూపించలేకపోయినా కూలి అతనికి చెల్లుతుందని ఫుఖహాలు చెప్పారు. కనుక రేణిగుంట మిల్లు కార్మికునికి ఆగిన యంత్రాల కాలంలో వచ్చిన జీతం ధర్మసమ్మతమే. అతడు పనికి రానన్నది లేదు, పనే అతని దగ్గరికి రాలేదు. కాని అదే సూత్రానికి రెండో పక్క కూడా ఉంది. ఆ సమయం యజమానిది. ఆ సమయంలో అతని అనుమతి లేకుండా ఇంకొకరి పని చేయరాదు. హాజరు పట్టీలో సంతకం పెట్టి వెనక గేటు నుంచి వేరే పనికి వెళ్ళిపోతే ఆ జీతం స్థితి మారిపోతుంది. "పని లేదు, మీ ఇష్టం" అని యాజమాన్యమే చెప్పి ఉంటే అది వేరు. అనుమతి నోటిమాటగా ఇచ్చినా అనుమతే.

పంపేస్తారని తెలిసిన తర్వాత మనిషి మనసు ఎలా తిరుగుతుందో ఎవరికి వారు చూసుకోవాలి. ఎనిమిదింటికి రావలసినవాడు తొమ్మిదింటికి వస్తాడు. "ఎలాగూ మూసేసేదే కదా" అని యంత్రానికి నూనె పెట్టడు. జబ్బు లేకుండా జబ్బు సెలవు పెడతాడు. కొందరు ఇంకొంచెం ముందుకు వెళ్ళి, జాబితాలో తమ పేరు పడాలని కావాలనే పని చెడగొడతారు. కొలతల్లో తగ్గించేవారి గురించి దిగిన సూరా అల్ ముతఫ్ఫిఫీన్‌ను మనం కిరాణా కొట్టు త్రాసుకే పరిమితం చేసుకున్నాం. పూర్తి జీతం తీసుకుని సగం పని ఇచ్చేవాడి త్రాసు కూడా ఒక పక్కకు ఒరిగే ఉంది. రాబోయే 1,68,000 హలాలే అయినా, దాని కోసం ఆగిన నాలుగు నెలల్లో తీసుకున్న 96,000లో ఎంత హలాలో లెక్క చెప్పుకోవలసి వస్తుంది. నా దృష్టిలో ఈ సమస్య మొత్తానికి అసలు కీలకం ఇదే. ఆగడానికి ప్రతిఫలం తర్వాత దొరికే సొమ్ము కాదు. నెల నెలా తీసుకుంటున్న జీతానికి మనం బాకీ ఉన్న పని ఇంకా అలాగే ఉంది.

మరి, చేతిలో వేరే ఉద్యోగం ఖాయమై ఉన్నా ఆ సంగతి చెప్పకుండా ఈ పరిహారం తీసుకోవచ్చా? చాలామంది సోదరులు గుచ్చి అడిగే ప్రశ్న ఇది. పరిహారం గడిచిన సర్వీసుకు ఇచ్చేదే అయితే, రేపు మనకు పని ఉందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. అడగని విషయం చెప్పకపోవడం అబద్ధం కాదు. కాని ఫారంలో ఆ ప్రశ్న ఉండి, మనం "లేదు" అని రాస్తే అది స్పష్టమైన అబద్ధం. ఆ సొమ్ము అబద్ధంతో తెచ్చుకున్నదే అవుతుంది. ఈ గీత సన్నగా కనబడవచ్చు గాని, అది ఎక్కడుందో మన మనసుకు బాగానే తెలుస్తుంది.

పక్కవాని సంగతి కూడా ఉంది. యాభై మందిని తగ్గించాలని సంస్థ నిర్ణయించింది. పిల్లల పెళ్ళిళ్ళు అయిపోయి, ఇల్లు కట్టుకున్న ఒక పెద్దాయన తానుగా ముందుకు వచ్చి ప్యాకేజీ తీసుకుంటే, కొత్తగా పెళ్ళయిన కుర్రవాడి ఉద్యోగం నిలుస్తుంది. ఆ సంకల్పంతో వెళ్ళిపోయినవానికి సొమ్ము దొరకడం ఆ సంకల్పాన్ని చెడగొట్టదు. దీనికి తలకిందులుగా, తన పేరు జాబితాలో పడకుండా ఉండాలని తోటివాని తప్పులు మోసేవాళ్ళూ ఉంటారు. అలాంటి చోట మాట్లాడే ప్రతి మాట ఒక ఇంటి పొయ్యి మీద పడుతుందని మరువరాదు.

ఇప్పుడు రెండో పక్షం. "ఉపాధి ఇచ్చేవాడు అల్లాహ్, కంపెనీ కాదు. వాళ్ళు ఎప్పుడు పంపుతారో అని బిచ్చగాడిలా ఎందుకు కూర్చోవాలి? రాజీనామా ముఖాన కొట్టి వచ్చేస్తే సరి!" అనే సోదరులున్నారు. మాట వినడానికి వీరోచితంగా ఉంటుంది. ఒంటెను కట్టేసి నమ్మకం పెట్టుకోనా, వదిలేసి నమ్మకం పెట్టుకోనా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు దైవప్రవక్త (స) ముందు కట్టేయమనే చెప్పారు. ఈ హదీసు తిర్మిజీలో ఉంది, మనమందరం విన్నదే. భార్యాబిడ్డల పోషణ పురుషునిపై విధి. మనిషి తన హక్కును తాను వదులుకోవచ్చు, అది అతని ఔదార్యం. పిల్లల నఫఖా మీద ఔదార్యం చూపే అధికారం అతనికి లేదు. తిరుపతిలో అద్దె ఇంట్లో ఉంటూ, చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పు తీరుస్తూ, అమ్మీకి మందులు కొంటున్నవాడు కోపంలో రాసిచ్చే రాజీనామాను తవక్కుల్ అనకూడదు. దానికి కోపం అనే పేరు ఉండనే ఉంది.

కొన్ని సంస్థలు ఈ మర్యాదస్తుల మొహమాటాన్నే వాడుకుంటాయి. గదిలోకి పిలిచి, "మీరే రాజీనామా ఇస్తే గౌరవంగా ఉంటుంది" అంటారు. ఆ ఒక్క కాగితంతో తీసేసిన ఉద్యోగి కాస్తా తానుగా మానుకున్న ఉద్యోగి అయిపోతాడు. పరిహారం ఇవ్వవలసిన బాధ్యత తీరిపోతుంది. డబ్బు దగ్గర వాదించడం మనవంటివారికి తగదని సంతకం పెట్టి వచ్చేవారిని చూస్తే బాధ కలుగుతుంది. ఆలోచించుకోవడానికి రెండు రోజుల సమయం అడగడం, కాగితాన్ని ఇంటికి తెచ్చి తెలిసినవారికి చూపించడం, కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం, వీటిలో ఏదీ సబ్ర్‌కు విరుద్ధం కాదు.

అలాగని ఆగడమే ఎప్పుడూ తెలివి అనుకోవద్దు. మాట ఇచ్చిన సొమ్ము చేతికి వచ్చిన సొమ్ము కాదు. చిత్తూరులో విజయా డెయిరీ 2002 ఆగస్టు 31న మూతపడింది. దాని పాత బకాయిలు 182 కోట్ల రూపాయలు తీర్చామని ప్రభుత్వం ప్రకటించేసరికి 2023 వచ్చింది. మూతపడిన రోజున పుట్టిన బిడ్డకు అప్పటికి పెళ్ళీడు వచ్చింది. సంస్థ ఖజానాలో ఏమీ లేనప్పుడు చట్టం ఇచ్చిన హక్కు చట్టంలోనే ఉండిపోతుంది. ప్రావిడెంట్ ఫండ్ నెల నెలా జమ అవుతోందా? పోయిన ఏడాది మానేసినవారికి హిసాబ్ పూర్తిగా ఇచ్చారా? ఈ రెండూ అడిగి తెలుసుకోండి. జవాబు "లేదు" అయితే ఏడు నెలల జీతం అనే మన లెక్క ఉత్త కాగితమే. ఇంకో సంగతి, ఆగడంలో వయసు ఖర్చవుతుంది. 38 ఏళ్ళవానికి కొత్త పని ఇచ్చే దుకాణం 43 ఏళ్ళవానికి ఇవ్వకపోవచ్చు. సగం జీతంతో ఏళ్ళ తరబడి గేటు వైపు చూస్తూ కూర్చున్న మనిషి చేతిలో పనితనం కూడా తుప్పుపడుతుంది.

గల్ఫ్‌లో ఉన్న మన సోదరులకు ఈ లెక్క ఇంకా కచ్చితంగా ఉంటుంది. మదనపల్లె, పీలేరు, కలకడ, రాయచోటి వైపు ఎన్నో ఇళ్ళలో ఒకరో ఇద్దరో అక్కడ ఉన్నారు. సౌదీ కార్మిక చట్టం ప్రకారం సర్వీసు ముగింపు సొమ్ము మొదటి అయిదేళ్ళకు ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి పూర్తి నెల జీతం. తనంతట తాను రాజీనామా చేస్తే మాత్రం రెండేళ్ళలోపు ఏమీ రాదు, అయిదేళ్ళలోపు మూడోవంతు, పదేళ్ళలోపు మూడింట రెండు వంతులు, పదేళ్ళు నిండితేనే మొత్తం. నెలకు 1,800 రియాళ్ళ జీతగాడు తొమ్మిదేళ్ళకు మానేస్తే 11,700కు బదులు 7,800 వస్తుంది. ఇంకొక్క ఏడాది ఆగితే 13,500 మొత్తంగా వస్తుంది. తేడా 5,700 రియాళ్ళు. (ఇంటి డ్రైవర్లు, వంటవాళ్ళు ఈ చట్టం కిందికి రారు, వారికి వేరే నిబంధనలు. యు.ఎ.ఇ.లో 2022 ఫిబ్రవరి నుంచి రాజీనామా చేసినందుకు కోత లేదు.) కాగితం మీద ఆగడమే లాభం. కాని ఆ ఒక్క ఏడాది ఖరీదును రియాళ్ళలోనే కట్టకండి. ఇంటి దగ్గర అబ్బా మంచంలో ఉన్నారా? కొడుకు పదో తరగతిలో దారి తప్పుతున్నాడా? భార్య ఫోనులో "బాగానే ఉన్నాం" అంటున్నప్పుడు ఆమె గొంతు ఎలా ఉంది? ఒక్కో ఇంటికి 5,700 చవక, ఇంకో ఇంటికి చాలా ఖరీదు. బయటివారు చెప్పగలిగింది కాదు ఇది.

అందుకే ఈ నిర్ణయం మగవాడు ఒక్కడే తీసుకుని ఇంట్లో ప్రకటించేది కాకూడదు. మషూరా చేయమన్న బోధ పెద్ద పెద్ద సభలకే కాదు, వంటింటికీ వర్తిస్తుంది. నెలకు బియ్యం ఎంత, పాల బాకీ ఎంత, ఏది ఆపవచ్చు, ఏది ఆపరాదు అన్నది ఇల్లాలికి తెలిసినంత ఆయనకు తెలియదు. చాలా ఇళ్ళలో ఉద్యోగం పోబోతున్న సంగతి ఆమెకు చివరి రోజున తెలుస్తుంది. బాధపడుతుందని చెప్పలేదంటారు. చెప్పి ఉంటే ఆమె ముందునుంచే సర్దుకుని ఉండేది, బాధ కూడా ఇద్దరి మధ్య పంచుకునేవారు. ఇస్తిఖారా విషయం కూడా ఇక్కడే చెప్పాలి. రెండు రకాతుల నఫిల్ చదివి మేలైనదాన్ని సులభం చేయమని అల్లాహ్‌ను వేడుకోవడం ఇస్తిఖారా. రాత్రి కలలో పచ్చరంగు కనబడిందా ఎర్రరంగా అని లెక్కలు కట్టడం కాదు. విషయాలు తెలుసుకోవడం, తెలిసినవారిని అడగడం మానేసి ఇస్తిఖారా మీద భారం వేయడం ఆ దుఆకు మర్యాద చేయడమూ కాదు.

పైన చెప్పినదంతా హలాల్ ఉద్యోగానికి. చేస్తున్న పనే నిషిద్ధమైనదని, ఉదాహరణకు మద్యం వ్యాపారమో వడ్డీ లెక్కలు రాయడమో అని తెలిసినవాడు "ఆర్నెల్లాగితే ప్యాకేజీ వస్తుంది" అనవచ్చా? వేరే దారి దొరికేదాకా, ఇంట్లో పస్తులు ఉండకుండా ఉండేటంతవరకు, తప్పనిసరి అవసరం కింద వేరే పని వెతుక్కుంటూ కొనసాగడానికి పండితులు వెసులుబాటు చెప్పారు. అవసరం కొద్దీ ఉండటం వేరు, లాభం కోసం ఉండటం వేరు. వేరే పని దొరికిన రోజున ఆ వెసులుబాటు ముగుస్తుంది. ఇలాంటి చోట తమ పరిస్థితిని దాచకుండా దగ్గరి ఆలిమ్‌కు వివరించి అడగడం మంచిది.

చివరిగా, ఈ పత్రిక చదివేవారిలో జీతం తీసుకునేవారే కాదు, జీతం ఇచ్చేవారూ ఉన్నారు. మనకు మాంసం కొట్లున్నాయి, మెకానిక్ షెడ్లున్నాయి, బట్టల దుకాణాలున్నాయి, పండ్ల మండీలున్నాయి. మన దగ్గర పదేళ్ళుగా పనిచేస్తున్న కుర్రవానికి కాగితం లేదు, ప్రావిడెంట్ ఫండ్ లేదు. వ్యాపారం తగ్గితే పండక్కి కొత్త బట్టలు ఇచ్చి పంపేస్తాం. ఆరు నెలలు దాటి పనిచేసినవాణ్ణి సరైన కారణం, నెల నోటీసు లేకుండా తీసేయరాదని ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988 నుంచీ చెబుతూనే ఉంది. పదిమంది, ఆపైన పనివాళ్ళున్న దుకాణానికి గ్రాట్యుటీ కూడా వర్తిస్తుంది. కంపెనీ మనకు ఇవ్వవలసిన 15 రోజుల లెక్క మనకు నోటికి వచ్చు. మనం ఇవ్వవలసింది?

గుహలో చిక్కుకున్న ముగ్గురి హదీసు బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. ఆ ముగ్గురిలో ఒకతను కొందరు కూలీలను పెట్టుకున్నాడు. వారిలో ఒకడు తన కూలి తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. చాలా చిన్న మొత్తం అది, కొంచెం ధాన్యం. యజమాని దాన్ని కలుపుకోలేదు, విత్తనంగా వేశాడు. పంట పెరిగి, పశువులయ్యాయి, వాటిని కాసే మనిషి కూడా ఏర్పడ్డాడు. ఏళ్ళ తర్వాత కూలివాడు తిరిగి వచ్చి తన బాకీ అడిగాడు. అదిగో ఆ మంద నీదే, తోలుకుపో అన్నాడు యజమాని. ఎగతాళి చేయవద్దని అతను వేడుకున్నాడు. ఎగతాళి కాదని తెలిశాక మొత్తం మందను తోలుకుని వెళ్ళిపోయాడు.